వెన్నుపూసలో మచ్చ: రిపోర్టు మీద సంతకం పెట్టే ముందు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఎంఆర్ఐ సెంటర్లలో కొత్తగా చేరిన రేడియాలజిస్టుల కోసం, అక్కడ స్కాన్ తీసే టెక్నీషియన్ల కోసం ఇది రాస్తున్నాను. మన దగ్గరికొచ్చే కేసుల్లో పెద్ద వాటా నడుం నొప్పిదే. వాటిలోనూ ఎక్కువ భాగం డిస్కు జారడం, నరం నొక్కుకోవడం. చేయి అలవాటైతే పది నిమిషాల్లో ఒకటి ముగుస్తుంది. డిస్కు కోసం తీసిన స్కాన్‌లో వెన్నుపూస లోపల మచ్చ కనబడినప్పుడే చిక్కు మొదలవుతుంది. అది మామూలుదా, క్యాన్సరా? మీరు రాసే ఒక్క లైన్ చూసుకుని ఆ ఇంటివాళ్లు విశాఖ వెళ్లాలా వద్దా, ఉన్న అరెకరం అమ్మాలా వద్దా తేల్చుకుంటారు. ఈలోగా రిఫరింగ్ డాక్టర్ ఫోన్ చేస్తుంటారు, గంటలో రిపోర్టు కావాలని యాజమాన్యం అంటుంది, లిస్టులో ఇంకా పదిహేను కేసులుంటాయి. ఈ ఒత్తిడి తగ్గేది కాదు. అందులోనే తప్పు దొర్లకుండా పనిచేయడం నేర్చుకోవాలి.

గుర్తులు తెలియక జరిగే తప్పులు తక్కువ. అవన్నీ పీజీలో చదివే వచ్చారు. టీ1ను సరిగా చూడకపోవడం, రోగిని నాలుగు ప్రశ్నలు అడగకపోవడం, తేలని దాన్ని తేలినట్టు రాసేయడం, ఈ మూడు చోట్లే కేసులు చెడిపోతాయి.

ముందు టీ1 సంగతి. పెద్దవాళ్ల వెన్నుపూసల మ్యారోలో కొవ్వు బాగా ఉంటుంది, అది టీ1లో తెల్లగా కనిపిస్తుంది. క్యాన్సర్ కణాలు ఆ కొవ్వును తోసేసి చోటు ఆక్రమిస్తాయి కాబట్టి అక్కడ నల్లబడుతుంది. ఎంత నలుపు అనుమానించాలి అన్నదానికి కొలత పక్కనే ఉంది. కాంట్రాస్ట్ ఇవ్వని టీ1లో మచ్చ పక్క డిస్కు కంటే నల్లగా ఉంటే దాన్ని వదలకూడదు. డిస్కు కంటే తెల్లగానే ఉంటే చాలావరకు నిబ్బరంగా ఉండొచ్చు. చిన్నపిల్లల మ్యారోలో కొవ్వు తక్కువ కాబట్టి వాళ్ల దగ్గర ఈ లెక్క పనికిరాదు.

కానీ మనలో చాలామంది కేసు తెరవగానే టీ2 మీదికి పోతారు. డిస్కు, కార్డు అక్కడ బాగా కనబడతాయి. ఇప్పుడు అందరూ తీసే ఫాస్ట్ స్పిన్ ఎకో టీ2లో కొవ్వు కూడా తెల్లగానే ఉంటుంది కాబట్టి మెటాస్టాసిస్ చుట్టూ ఉన్న మ్యారోలో కలిసిపోతుంది. స్టిర్‌లో కొవ్వు అణిగిపోయి మచ్చ వెలుగుతుంది, నిజమే. అయితే ప్రోస్టేట్ నుంచి వచ్చే గట్టి, స్క్లెరోటిక్ మచ్చలు స్టిర్‌లో కూడా నల్లగానే ఉండిపోతాయి. టీ1 ఒక్కటే అన్ని రకాలనూ పట్టిస్తుంది. ప్రతి వెన్ను కేసులో డిస్కుల జోలికి పోకముందే సాజిటల్ టీ1 ఒక్కసారి పైనుంచి కిందికి నడపండి. అర నిమిషం పని.

ఇక్కడ టెక్నీషియన్లకు ఒక మాట. మన సెంటర్లలో 'ఎల్ఎస్ స్పైన్ విత్ హోల్ స్పైన్ స్క్రీనింగ్' అని రాస్తే చాలాచోట్ల మిగతా వెన్నంతటికీ ఒక్క సాజిటల్ టీ2 తీసి పంపేస్తున్నారు. క్యాన్సర్ అనుమానం ఉన్న రోగికి ఆ స్క్రీనింగ్ చాలదు. దానికి టీ1 గానీ స్టిర్ గానీ, వీలైతే రెండూ కలపాలి. నాలుగైదు నిమిషాలు పడుతుంది. నడుం పూసలో మెటాస్టాసిస్ ఉన్నవాళ్లకు పైన డీ6 దగ్గర ఇంకొకటి కార్డును నొక్కుతూ ఉండొచ్చు, రోగి కాళ్లు లాగుతున్నాయన్నది దాని వల్లే కావచ్చు. ఇంకో లాభం కూడా ఉంది. సీ2 నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే పూసల నంబర్లు తప్పవు. ఎల్5, ఎస్1 మధ్య తేడాగా పుట్టినవాళ్లు తక్కువేం కాదు. కింద నుంచి లెక్కపెడితే ఎల్1 కాస్తా డీ12 అయిపోతుంది, సర్జన్ మీ నంబరు పట్టుకుని వేరే పూసకు సూది పెడతాడు.

కాంట్రాస్ట్ దగ్గర కూడా రెండు పొరపాట్లు మళ్లీ మళ్లీ జరుగుతుంటాయి. గాడోలినియం ఇచ్చాక ఫ్యాట్ శాచురేషన్ లేకుండా టీ1 తీస్తే, నల్లగా ఉన్న మచ్చ కాంట్రాస్ట్ తాగి చుట్టూ ఉన్న కొవ్వంత తెల్లబడి మాయమవుతుంది. ఆ సిరీస్ ఒక్కటే చూసి 'మ్యారో నార్మల్' అని రాసే ప్రమాదం ఉంది. రెండోది, గాడోలినియం తర్వాత స్టిర్ తీయడం. కాంట్రాస్ట్ తీసుకున్న కణజాలం సిగ్నల్ కూడా కొవ్వుతోపాటు అణిగిపోవచ్చు. స్టిర్ ఎప్పుడైనా ఇంజెక్షన్‌కు ముందే.

ఇక ప్రశ్నలు. రిక్వెస్ట్ ఫారం మీద మనకొచ్చేది చాలాసార్లు 'నడుం నొప్పి, 3 నెలలు' అంతే. రోగిని టేబుల్ మీద పడుకోబెట్టే ముందు టెక్నీషియన్ అడగాల్సినవి నాలుగే: పడ్డారా, రాత్రిళ్లు పడుకున్నా నొప్పి ఆగడం లేదా, జ్వరం గానీ బరువు తగ్గడం గానీ ఉందా, ఇంతకుముందు ఎప్పుడైనా గడ్డ తీయించుకున్నారా, కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్నారా. 'క్యాన్సర్ ఉందా' అని అడిగితే లేదనే అంటారు. చాలామందికి ఇంట్లోవాళ్లు ఆ మాట చెప్పనే లేదు. గడ్డ అని అడిగితేనే 'అయిదేళ్లయింది బాబూ, రొమ్ములో గడ్డుంటే పెద్దాసుపత్రిలో తీసీసినారు' అంటుంది ఓ ముసలమ్మ. ఆ ఒక్క మాటతో మీ రిపోర్టు మొత్తం మారిపోతుంది. ఫారం మీద రాసి పంపండి, రిపోర్టు రాసేవాళ్లు హైదరాబాద్‌లో కూర్చున్న టెలీరేడియాలజిస్టయితే మరీ తప్పనిసరి.

అన్నిటికంటే ఎక్కువగా తడబడేది కుంగిన పూస దగ్గర. ఒక కేసు అనుకుందాం. నెల్లిమర్ల దగ్గరి పల్లెలో డెబ్బై ఏళ్ల అవ్వ గచ్చు మీద జారి పడింది. రెండు వారాల నొప్పి. డీ12 కుంగింది, టీ1లో సగం పైగా నల్లగా ఉంది, స్టిర్‌లో వెలుగుతోంది. కొత్త ఫ్రాక్చర్‌లో రక్తం, నీరు చేరినా కొవ్వు సిగ్నల్ పోతుంది కాబట్టి నలుపు చూడగానే క్యాన్సర్ అనకూడదు. వరసగా చూడండి. పూసలో ఎక్కడైనా మామూలు తెల్లని మ్యారో మిగిలి ఉందా? ఎండ్‌ప్లేట్ కింద సన్నని నల్ల గీత, అంటే ఫ్రాక్చర్ లైన్ ఉందా? పూస వెనక అంచు పైమూల ఒక్కటే కోణంగా వెనక్కి నెట్టుకొచ్చిందా? ఎండ్‌ప్లేట్‌ను ఆనుకుని నీటిలా వెలిగే పట్టీ ఉందా? ఇతర పూసలు ఎప్పుడో కుంగి, లోపల మ్యారో మాత్రం మామూలుగా ఉందా? ఇవి బోలు ఎముకల ఫ్రాక్చర్ వైపు లాగుతాయి. వీటిలో నీటి పట్టీ క్యాన్సర్ ఫ్రాక్చర్లలోనూ అరుదుగా కనబడుతుంది కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

అదే పూస మొత్తం నల్లబడి, వెనక అంచు గుండ్రంగా ఉబ్బి, నలుపు పెడికల్‌లోకి పాకి, కార్డు పక్కన ఎపిడ్యూరల్ గడ్డ గానీ ఒక పక్కకు పెరిగిన పారాస్పైనల్ గడ్డ గానీ ఉంటే, వేరే పూసల్లో కూడా గుండ్రటి మచ్చలుంటే, క్యాన్సర్ వైపు మొగ్గు చూపాలి. కొత్త ఫ్రాక్చర్‌లో కూడా పెడికల్‌లో కొంత నీరు కనబడొచ్చని గుర్తుంచుకోండి. ఎముక ఉబ్బిందా, కార్టెక్స్ చెరిగిందా అన్నది చూసుకోవాలి.

సగం అటూ సగం ఇటూ ఉండే కేసులు వస్తూనే ఉంటాయి. అప్పుడు రాయాల్సింది 'తేలలేదు' అని, దాని పక్కనే ఏం చేయాలో. రోగి పరిస్థితి నిలకడగా ఉంటే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మళ్లీ ఎంఆర్ఐ. మామూలు ఫ్రాక్చర్ అయితే నలుపు తగ్గి తెల్లని మ్యారో తిరిగొస్తుంది, క్యాన్సర్ అయితే పెరుగుతుంది. అయితే పాత క్యాన్సర్ చరిత్ర ఉన్నా, కాళ్లలో బలం తగ్గుతున్నా ఆరు వారాలు ఆగమని రాయకండి. అక్కడ బయాప్సీ మాటే రావాలి.

ఇలాంటి కేసులు తేల్చడానికి డిఫ్యూజన్, కెమికల్ షిఫ్ట్ ఉన్నాయి. 1998లో జర్మనీలోని మ్యూనిక్ బృందం డిఫ్యూజన్‌లో మామూలు ఫ్రాక్చర్లు నల్లగా, క్యాన్సర్ ఫ్రాక్చర్లు తెల్లగా కనిపిస్తున్నాయని ప్రచురించాక చాలామంది దాన్నే తీర్పుగా తీసుకున్నారు. తర్వాతి బృందాలకు అంత చక్కటి తేడా దొరకలేదు. మ్యూనిక్ వాళ్లు వాడిన సీక్వెన్స్ వేరు, మన మెషీన్లలో ఉండే ఈపీఐ డిఫ్యూజన్ వేరు. ఏడీసీ తక్కువుంటే కణాలు కిక్కిరిసి ఉన్నాయని అర్థం, అంతే. క్షయ చీము కూడా ఏడీసీ తగ్గిస్తుంది. దీన్ని అదనపు సాక్ష్యంగా వాడుకోండి, పై గుర్తులకు ఎదురు నిలబెట్టకండి.

కెమికల్ షిఫ్ట్ ఇంకాస్త నమ్మదగింది, పైగా ఒక నిమిషం లోపే అయిపోతుంది. మచ్చలో కొవ్వు కాస్తయినా మిగిలి ఉంటే అవుట్ ఆఫ్ ఫేజ్‌లో సిగ్నల్ పడిపోతుంది. 1.5 టెస్లా మీద 20 శాతం కంటే ఎక్కువ పడితే మామూలుదనే వైపు, అంతకంటే తక్కువైతే అనుమానం వైపు. ఆర్ఓఐ వృత్తం రెండు సిరీస్‌లలో ఒకే చోట, ఒకే సైజులో పెట్టాలి. హడావుడిలో ఇక్కడే లెక్క తప్పుతుంది. రెండు మినహాయింపులున్నాయి. గట్టి స్క్లెరోటిక్ మచ్చల్లో ఈ శాతం నమ్మొద్దు. పదేపదే రక్తం ఎక్కించుకున్నవాళ్ల మ్యారోలో ఇనుము చేరుతుంది. ఇన్ ఫేజ్ ఎకో ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఆ ఇనుము అక్కడ సిగ్నల్‌ను ముందే తినేస్తుంది, అవుట్ ఆఫ్ ఫేజ్‌లో పడినట్టే కనబడదు. మామూలు మ్యారో కాస్తా క్యాన్సర్‌లా తేలుతుంది.

ఈ ఇనుము మాట మన జిల్లాలకు దగ్గర సంగతి. ఉద్దానం మండలాలు ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాసల నుంచి వచ్చే రోగుల్లో కిడ్నీ జబ్బు ఎంతమందికి ఉంటుందో ఇక్కడ పనిచేసేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి కూడా. పుస్తకంలో చదివిన వెన్ను ఎంఆర్ఐ వీళ్ల దగ్గర కొంత మారుతుంది.

కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు రక్తహీనత ఉంటుంది, కొందరికి పదేపదే రక్తం ఎక్కించాల్సి వస్తుంది. ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు కూడా తోడైతే కొవ్వు మ్యారో మళ్లీ రక్తం తయారుచేసే మ్యారోగా మారుతుంది. టీ1లో అన్ని పూసలూ ఒకేలా మసకబారతాయి. కొత్తవాళ్లు దాన్ని చూసి 'డిఫ్యూజ్ మ్యారో ఇన్‌ఫిల్ట్రేషన్' అని రాసేస్తుంటారు. అది సాధారణంగా డిస్కు కంటే కాస్త తెల్లగానే ఉంటుంది, కెమికల్ షిఫ్ట్‌లో సిగ్నల్ పడుతుంది. ఏళ్ల తరబడి డయాలిసిస్‌లో ఉన్నవాళ్లకు అమిలాయిడ్ చేరి డిస్కు, ఎండ్‌ప్లేట్లు తినేసినట్టవుతాయి, ముఖ్యంగా మెడ కింది భాగంలో. చూడ్డానికి ఇన్ఫెక్షన్‌లా ఉంటుంది, కానీ టీ2లో చీములా వెలగదు.

ఇంతకంటే ప్రమాదకరమైన తప్పు దీనికి ఎదురుదిక్కున జరుగుతుంది. ఉద్దానం మనిషి, క్రియాటినిన్ ఎక్కువ, రక్తం తక్కువ, నడుం నొప్పి. 'కిడ్నీ పేషెంటే కదా' అని అందరూ అక్కడే ఆగిపోతారు. మల్టిపుల్ మైలోమా లక్షణాలు కూడా ఇవే: కిడ్నీ దెబ్బతినడం, రక్తహీనత, ఎముకల నొప్పి. ఊరు చూసి జబ్బు తేల్చేస్తే మైలోమా చేతిలోంచి జారిపోతుంది. 2014 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ప్లాస్మా కణాల జబ్బు రుజువైన వ్యక్తికి ఎంఆర్ఐలో 5 మిల్లీమీటర్లు, ఆ పైన ఉన్న మచ్చ ఒకటి కంటే ఎక్కువ ఉంటే చికిత్స మొదలుపెట్టాల్సిన మైలోమాగానే లెక్క. కాబట్టి కిడ్నీ రోగి టీ1లో గుండ్రటి మచ్చలు రెండో మూడో కనబడినా, మ్యారో అంతా డిస్కు కంటే నల్లగా ఉన్నా, 'సీరం ప్రోటీన్ ఎలెక్ట్రోఫోరెసిస్, ఫ్రీ లైట్ చెయిన్స్ చేయించండి' అని పేరు పెట్టి రాయండి. మైలోమా ఉండీ వెన్ను ఎంఆర్ఐ మామూలుగా కనబడే సందర్భాలూ ఉన్నాయి కాబట్టి 'మైలోమా లేదు' అని మాత్రం రాయొద్దు.

వీళ్లకు గాడోలినియం ఇవ్వాలా వద్దా అన్నది కూడా మన దగ్గర రోజూ వచ్చే ప్రశ్న. పాత లీనియర్ కాంట్రాస్ట్‌లకూ కిడ్నీ రోగుల్లో చర్మం, కండరాలు గట్టిపడే ఎన్ఎస్ఎఫ్ జబ్బుకూ ఉన్న సంబంధం 2006లో బయటపడింది. ఈజీఎఫ్ఆర్ 30 కంటే తక్కువున్నవాళ్లకు వాటిని ఇవ్వకూడదు. ఇప్పటి మాక్రోసైక్లిక్ రకాలతో ఆ ప్రమాదం చాలా తక్కువ. టెక్నీషియన్‌కు తన అల్మరాలో ఉన్న సీసా ఏ రకమో తెలిసి ఉండాలి. ఉద్దానం నుంచి వచ్చిన రోగి క్రియాటినిన్ చూడకుండా సూది పెట్టకూడదు. మామూలుదా క్యాన్సరా అన్న ప్రశ్నకు చాలాసార్లు టీ1, స్టిర్, కెమికల్ షిఫ్ట్‌తోనే జవాబు దొరుకుతుంది. ఎపిడ్యూరల్ గడ్డ హద్దులు, చీము సంచి తేల్చాల్సి వచ్చినప్పుడే కాంట్రాస్ట్ అసలు అక్కరకొస్తుంది.

పూసలన్నీ నల్లబడేది కిడ్నీ రోగుల్లోనే కాదు. పార్వతీపురం, సాలూరు ఏజెన్సీ నుంచి వచ్చే గిరిజన యువకుల టీ1లో పూసలన్నీ నల్లగా ఉంటే ముందు సికిల్ సెల్ గురించి అడగండి. ఎండ్‌ప్లేట్ల నడుమ మెట్టులా కుంగి ఉంటే ఆ అనుమానం బలపడుతుంది.

క్షయ మాట ఆఖరికి ఉంచాను గానీ మన దగ్గర క్యాన్సర్‌తో ఎక్కువగా తికమకపడేది దాంతోనే. రెండు పూసలు, మధ్య డిస్కు, ముందు లిగమెంట్ కింద పాకిన చీము, రెండు వైపులా పల్చటి గోడతో సోయాస్ దాకా దిగిన సంచి ఉంటే ఎవరూ పొరబడరు. డిస్కును వదిలేసి పూస మధ్యలోనో, పెడికల్, లామినాలోనో మొదలయ్యే క్షయ ఉంది. అది అచ్చం మెటాస్టాసిస్‌లా ఉంటుంది. మెటాస్టాసిస్ కూడా మామూలుగా డిస్కును తాకదు మరి. అప్పుడు ఒక పేరు మీద పందెం కాయకండి. జరిగే నష్టం ఇలా ఉంటుంది: 'పాట్స్ స్పైన్' అని రిపోర్టు వస్తుంది, నమూనా తీయకుండానే టీబీ మందులు మొదలవుతాయి, నాలుగు నెలలకు నొప్పి పెరిగి, కాళ్లు పడిపోయాక మళ్లీ స్కాన్ తీస్తే అది ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలుతుంది. ఎదురు తప్పూ ఉంది. యాభై ఏళ్ల మనిషికి 'మల్టిపుల్ మెటాస్టాసిస్' అని రాస్తే, ఇక ఏం లాభం అని ఇంటికి తీసుకుపోతారు. మందులతో నయమయ్యే క్షయ ఆ ఇంట్లో ముదిరిపోతుంది.

అందుకే ఇలాంటి రిపోర్టులో బయాప్సీ అడగండి, ఎలా పంపాలో కూడా రాయండి. తీసిన ముక్క మొత్తాన్ని ఫార్మలిన్ సీసాలో వేస్తే టీబీ కల్చర్‌కూ సీబీనాట్‌కూ పనికిరాదు. ఒక భాగం ఫార్మలిన్‌లో హిస్టోపాథాలజీకి, ఇంకో భాగం స్టెరైల్ నార్మల్ సెలైన్‌లో సీబీనాట్, కల్చర్‌లకు. రోగి మళ్లీ విశాఖ దాకా వెళ్లి రెండోసారి సూది పొడిపించుకోవడం ఈ రెండు లైన్లతో తప్పుతుంది.

హాని లేని మచ్చలకు భయపెట్టడం కూడా తప్పే. టీ1, టీ2 రెండింటిలో తెల్లగా, లోపల నిలువు గీతలతో ఉండే హెమాంజియోమా పది మంది పెద్దవాళ్లలో ఒకరికి ఉంటుంది. దానికి 'లీజన్' అన్న మాట ఇంప్రెషన్‌లో ఎక్కిస్తే ఆ కుటుంబం నెల రోజులు నిద్రపోదు. 'హెమాంజియోమా, హాని లేనిది, ఫాలోఅప్ అక్కర్లేదు' అని తేల్చి రాయండి. టీ1లో నల్లగా ఉండే హెమాంజియోమాలూ ఉన్నాయి, వాటికి సీటీలో చుక్కలు చుక్కలుగా కనిపించే నిలువు ఎముక కడ్డీలు చూస్తే చాలావరకు తేలిపోతుంది. అన్ని సీక్వెన్సుల్లోనూ నల్లగా ఉండే బోన్ ఐలాండ్‌ని కూడా సీటీయే తేలుస్తుంది. మన దగ్గర ఎంఆర్ఐ పక్క గదిలోనే సీటీ ఉండే సెంటర్లు ఎక్కువ, అడగడానికి మొహమాటపడకండి.

ఇంప్రెషన్ రాసేటప్పుడు 'క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్' అని ముగిస్తే పల్లె డాక్టరుకు దాంతో చేయగలిగింది ఏమీ లేదు. ఆయనకు మూడు సంగతులు కావాలి: మీ మొగ్గు ఎటు, ఎంత గట్టిగా, రేపు పొద్దున ఏం చేయాలి. 'డీ9 పూస కుంగింది. పెడికల్, ఎపిడ్యూరల్ గడ్డలను బట్టి క్యాన్సర్‌కే ఎక్కువ అవకాశం, క్షయను కొట్టిపారేయలేం. బయాప్సీ అవసరం. కార్డు నొక్కుకుంటోంది, ఈ రోజే న్యూరోసర్జన్‌కు చూపించాలి.' ఇంతే చాలు.

కార్డు నొక్కుకుంటున్న కేసును రిపోర్టుతో వదిలేయొద్దు. చికిత్స మొదలయ్యేనాటికి నడుస్తున్న మనిషే తర్వాత కూడా నడిచే అవకాశం ఎక్కువ, కాళ్లు పూర్తిగా పడిపోయాక తిరిగి రావడం అరుదు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండొందల కిలోమీటర్ల పైనే. కేజీహెచ్‌కు పంపినా, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి పంపినా ప్రయాణానికే సగం రోజు పోతుంది. రిపోర్టు కవర్లో పెట్టి 'రేపు డాక్టర్ గారికి చూపించండి' అంటే ఆ రేపు సోమవారం కావచ్చు. మీరే ఫోన్ తీసి రిఫరింగ్ డాక్టర్‌తో మాట్లాడండి, ఎవరితో ఎన్ని గంటలకు మాట్లాడారో రిపోర్టులో రాయండి. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే మీకు అండగా నిలిచేది కూడా ఆ లైనే.

ఈ వారం వీలు చూసుకుని మీ సెంటర్లో వెన్ను ప్రోటోకాల్ షీట్ ఒకసారి తీయండి. స్క్రీనింగ్‌లో టీ1 లేకపోతే కలపండి, కెమికల్ షిఫ్ట్ సీక్వెన్స్ మెషీన్లో సేవ్ చేసి పెట్టించండి, ఆ నాలుగు ప్రశ్నలూ రిక్వెస్ట్ ఫారం మీద తెలుగులో అచ్చు వేయించండి. యాజమాన్యం టైం పోతుందంటే, ఒక్కో కేసుకు అదనంగా పట్టేది అయిదారు నిమిషాలేనని, అది కూడా అనుమానం ఉన్న కేసులకేనని చెప్పండి.